జంతువుల అనుకూలనాలు: ప్రాథమిక తరగతుల పిల్లలకు మెట్టుమెట్టుగా బోధించడం ఎలా?

మూడో తరగతి పిల్లలను "ఒంటెకు మూపురం ఎందుకుంది?" అని అడిగి చూడండి. సగం చేతులు ఒక్కసారిగా లేస్తాయి. "నీళ్లు దాచుకోవడానికి!" అంటారు.

ఈ జవాబులో రెండు పొరపాట్లున్నాయి. మొదటిదాన్ని దిద్దడం తేలిక. మూపురంలో ఉండేది నీరు కాదు, కొవ్వు. రెండోది అంత తేలిగ్గా కనపడదు. ఎడారిలో అవస్థ పడుతున్న ఒంటె ఒకటి, ఇది తనకు అవసరమని గ్రహించి, మూపురం పెంచుకుందన్న ఊహ ఆ జవాబు వెనక ఉంటుంది. "జంతువులు పరిసరాలకు తగినట్టు తమను తాము మార్చుకుంటాయి" అని మనం చెప్పే వాక్యమే ఆ ఊహకు నీరు పోస్తుంది. నేను చాలా ఏళ్లు ఆ వాక్యమే చెప్పాను, పిల్లలు దాన్ని అక్షరాలా నమ్మారు. జంతువు కోరుకుని మారదు, గుంపులో ఎవరు బతికి పిల్లలను కన్నారన్న దాన్ని బట్టి తరతరాలకు గుంపు మారుతుంది. ఈ పాఠంలో అసలు సంగతి అదే. దాన్ని ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకు ఆటలతో, చిన్న ప్రయోగాలతో అందించే పద్ధతిని ఇక్కడ వరుసగా ఇస్తున్నాను. ఏడెనిమిది పీరియడ్లు పడుతుంది. అంత సమయం లేకపోతే మూడో మెట్టు, నాలుగో మెట్టు మాత్రం వదలకండి.

తరగతిలోకి వెళ్లే ముందు: మన మాటలు సరిచూసుకుందాం

తెలుగులో "-కొను" చేరిన క్రియలు ఈ పాఠానికి పెద్ద చిక్కు. పెంచుకుంది, మార్చుకుంది, ఏర్పరచుకుంది, అలవరచుకుంది అనే మాటలు వినగానే, ఎవరో తమ మేలు కోసం తామే ఒక పని చేసినట్టు చెవికి తోస్తుంది. పెద్దలకు అది మాట్లాడే తీరు మాత్రమే. ఎనిమిదేళ్ల పిల్లవాడికి మాత్రం అదే వివరణ. అందుకే ఈ పాఠం జరిగినన్ని రోజులూ శరీర భాగాల గురించి మాట్లాడేటప్పుడు ఈ క్రియలను పక్కన పెట్టండి. "జిరాఫీ మెడ పొడుగు చేసుకుంది" అనకండి. "మెడ కాస్త పొడుగ్గా ఉన్న జిరాఫీలు ఎక్కువగా బతికాయి, వాటి పిల్లలకూ పొడుగు మెడే వచ్చింది" అనండి. వాక్యం పెద్దదే, కానీ అందులో నిజం ఉంది.

రెండో చిక్కు "అలవాటు" అనే మాట. చన్నీళ్లలో దిగిన కాసేపటికి మనకు చలి తగ్గినట్టు అనిపిస్తుంది. అది అలవాటు పడటం. ఒక ప్రాణి జీవితంలోనే మొదలై అక్కడే ముగుస్తుంది, దాని పిల్లలకు అందదు. అనుకూలనం అంటే ఉన్న చోట బతకడానికి సాయపడే లక్షణం. అది పుట్టుకతో వస్తుంది, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు దిగుతుంది. ఈ రెండు మాటలనూ గోడ మీద పక్కపక్కన రాసి పెట్టండి. పాఠం పొడవునా పిల్లలు వాటి వంక చూడాల్సి వస్తుంది.

ఇంత చిన్న పిల్లలకు ఈ సంగతి అర్థమవుతుందా అన్న సందేహం సహజం. అమెరికాలో బోస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త డెబోరా కెలెమెన్ బృందం 2014లో ప్రచురించిన పరిశోధన దీనికి జవాబిస్తుంది. ఐదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు వాళ్లు ఒక బొమ్మల కథ చదివి వినిపించారు. కథలో ఒక ఊహా జంతువు ఉంటుంది. దాని ఆహారమైన పురుగులు ఇరుకు సొరంగాల్లోకి వెళ్లిపోతాయి. సన్నని తొండం ఉన్నవాటికి తిండి దొరికి, అవి ఎక్కువ పిల్లలను కంటాయి. కొన్ని తరాలకు గుంపులో సన్న తొండాలే ఎక్కువవుతాయి. చాలామంది పిల్లలు ఈ తర్కాన్ని పట్టుకోగలిగారు, కొత్త జంతువుకు అన్వయించగలిగారు, మూడు నెలల తర్వాత కూడా మరిచిపోలేదు. కాబట్టి పై తరగతుల్లో చూసుకోవచ్చులే అని వాయిదా వేయనక్కరలేదు. తప్పుడు ఊహ బలపడకముందే సరైన కథ చెప్పడం మేలు.

మొదటి మెట్టు: బొటనవేలు లేని పది నిమిషాలు

ధ్రువపు ఎలుగుబంటితోనో ఒంటెతోనో మొదలుపెట్టాలనిపిస్తుంది. నా సలహా, పిల్లల సొంత చేతితో మొదలుపెట్టండి. బొటనవేలిని అరచేతికి ఆనించి కాగితపు టేపుతో వదులుగా అంటించండి. ఇప్పుడు చొక్కా గుండీ పెట్టమనండి, పెన్సిలు పట్టి పేరు రాయమనండి, సీసా మూత తీయమనండి. రెండు నిమిషాల్లో తరగతి నవ్వులతో, ఫిర్యాదులతో నిండిపోతుంది. టేపు తీశాక ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "ఇది లేకపోతే ఏమవుతుంది?"

ఈ ప్రశ్నను చివరి రోజు దాకా వాడుతూనే ఉంటాం. బాతుకు కాలివేళ్ల మధ్య పొర లేకపోతే? గుడ్లగూబ ఈకల అంచులు అంత మెత్తగా లేకపోతే? (ఎగిరేటప్పుడు చప్పుడవుతుంది, ఎలుక పారిపోతుంది.) "ఎందుకుంది?" అని అడిగితే పిల్లలు ఉద్దేశాలు వెతుకుతారు. "లేకపోతే?" అని అడిగితే ఫలితాలు వెతుకుతారు. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, పాఠం నిలబడేది దీని మీదే.

రెండో మెట్టు: ఒక ప్రాణిని పది నిమిషాలు చూడటం

బొమ్మలు చూపించే ముందు బతికున్న ప్రాణిని చూపించండి. చీమ, సాలీడు, బల్లి, పిచ్చుక, కాకి, ఏది కనిపిస్తే అది. ముట్టుకోకూడదు, తరమకూడదు, గూడు దగ్గరికి వెళ్లకూడదు. నోటుపుస్తకం పేజీని నిలువుగా రెండు భాగాలు చేయించి, ఒకవైపు "చూసింది", మరోవైపు "అనుకున్నది" అని రాయించండి. "బల్లి గోడ మీద తలకిందులుగా నిలబడింది" అనేది చూసింది. "దాని కాళ్లకు జిగురు ఉంది" అనేది అనుకున్నది.

ఈ రెండో మాట దాదాపు ప్రతి తరగతిలోనూ వస్తుంది. జవాబు చాలా అందంగా ఉంటుంది కాబట్టి రాగానే పట్టుకోండి. బల్లి పాదాల్లో జిగురు లేదు. వేళ్ల కింద కంటికి కనిపించనంత సన్నని రోమాలు లక్షల సంఖ్యలో ఉంటాయి, ఒక్కో రోమం చివర ఇంకా సన్నని కొసలుగా చీలి ఉంటుంది. ఆ కొసలన్నీ గోడకు అతి దగ్గరగా చేరినప్పుడు అణువుల మధ్య పుట్టే బలహీనమైన ఆకర్షణలన్నీ కలిసి బల్లి బరువును మోస్తాయి. "ఒక్క దారం తెగిపోతుంది, వెయ్యి దారాలు పేనితే తాడవుతుంది" అంటే పిల్లలకు అందుతుంది.

మూడో మెట్టు: ముక్కుల ఆట

పక్షుల ముక్కుల ఆట చాలామంది ఆడించి ఉంటారు. పట్టకారు, చెంచా, బట్టల క్లిప్పు వంటివి ముక్కులు, గింజలు ఆహారం, ఎవరి ముక్కుకు ఏది సులువో చూడటం. అక్కడితో ఆపేస్తే పిల్లలు నేర్చుకునేది సగమే. "ఈ ముక్కు ఈ తిండికి సరిపోతుంది" అని తెలుస్తుంది, "ఇలా ఎలా అయింది?" అన్నది తెలియదు. ఆటను తరాలుగా ఆడించాలి.

కావలసినవి: పట్టకార్లు, బట్టల క్లిప్పులు, చెంచాలు సమాన సంఖ్యలో, ప్రతి పిల్లవాడికీ ఒక కప్పు, అది పిట్ట కడుపు, ఆహారంగా చిన్న గింజలు, పెద్ద గుండీలు, గోళీలు. చిన్న వస్తువులు నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే పెద్ద వస్తువులే వాడండి.

నియమాలు తక్కువే. ఒక చేయి వీపు వెనక, తిండిని ముక్కుతోనే కప్పులో వేయాలి, కప్పును వంచి తోడుకోకూడదు. ముప్పై సెకన్లు.

మొదటి తరంలో అన్ని రకాల ఆహారం కలిపి నేల మీద చల్లండి. సమయం అయ్యాక లెక్కపెట్టించి, ఏ ముక్కుతో ఎందరు ఉన్నారో బోర్డు మీద గీతలుగా వేయండి. అందరూ బతికినట్టే, ఎందుకంటే తిండి పుష్కలం.

రెండో తరానికి ముందు ఇలా చెప్పండి: "ఈ ఏడాది వానలు పడలేదు. చిన్న గింజలు అయిపోయాయి." గింజలన్నీ తీసేసి గోళీలు, పెద్ద గుండీలు మాత్రం ఉంచండి. మళ్లీ ముప్పై సెకన్లు. తక్కువ తిండి దొరికిన సగం పిట్టలు చనిపోయినట్టు. ఇక్కడ జాగ్రత్త, ఓడిపోయిన పిల్లలను మూలన కూర్చోబెట్టకండి. వాళ్లు బతికిన పిట్టలకు పుట్టిన పిల్లలుగా తిరిగి వస్తారు, తల్లికి ఏ ముక్కు ఉంటే అదే ముక్కు తీసుకుంటారు. ఇందుకు ప్రతి రకంలోనూ అదనపు ముక్కులు సిద్ధంగా ఉండాలి. ఇలా మూడు తరాలు ఆడించండి. ప్రతిసారీ బోర్డు మీద గీతలు మారుతుంటాయి. చివరికి ఒక రకం ముక్కు గుంపు నిండా పరుచుకుంటుంది, ఇంకొకటి దాదాపు మాయమవుతుంది.

ఇప్పుడు అడగండి: "ఆటలో ఏ పిట్టయినా తన ముక్కును మార్చుకుందా?"

కాసేపు ఎవరూ మాట్లాడరు. "లేదు" అని ఒకరు అంటారు. "మరి గుంపు ఎలా మారింది?" ఈ ప్రశ్న అడిగాక మీరు నోరు విప్పకండి. నిశ్శబ్దం ఎంత పొడుగైనా సరే, జవాబు వాళ్ల నోటి నుంచే రావాలి. ఎవరో ఒకరు "ఆ ముక్కు లేనివి చచ్చిపోయాయి, ఉన్నవాటికే పిల్లలు పుట్టారు" అంటారు. ఆ మాటను అంటున్నవాళ్ల మాటల్లోనే బోర్డు మీద రాయండి.

ఆట ముగిశాక ఇది కల్పన కాదని చెప్పండి. పసిఫిక్ మహాసముద్రంలోని గలపాగోస్ దీవుల్లో డాఫ్నే మేజర్ అనే చిన్న దీవి ఉంది. పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ అనే శాస్త్రవేత్త దంపతులు 1973 నుంచి దశాబ్దాల పాటు అక్కడి ఫించ్ పక్షులను పట్టి, ముక్కు కొలిచి, కాలికి గుర్తు తొడిగి వదిలారు. 1977లో తీవ్రమైన కరువు వచ్చింది. మెత్తని చిన్న గింజలు తరిగిపోయి, గట్టి పెద్ద గింజలు మిగిలాయి. ఆ దీవిలోని ఒక రకం ఫించ్‌లలో ఎక్కువ భాగం చనిపోయాయి. మిగిలినవాటిలో మందపాటి ముక్కు ఉన్నవే ఎక్కువ. వాటి పిల్లల ముక్కులూ కరువుకు ముందు పుట్టినవాటికంటే సగటున మందంగా ఉన్నాయి. తేడా ఒక మిల్లీమీటరు కూడా లేదు, అయినా బతుకుకూ చావుకూ మధ్య గీత అదే అయింది. స్కేలు తెచ్చి ఒక మిల్లీమీటరు ఎంతో పిల్లలకు చూపించండి.

కథ అక్కడ ఆపకండి. 1982-83లో విపరీతమైన వానలు కురిశాయి, దీవి నిండా చిన్న గింజలు మొలిచాయి. తర్వాతి కాలంలో చిన్న ముక్కు పిట్టలదే పైచేయి అయింది. "మంచి ముక్కు" అంటూ ఏదీ ఉండదనీ, ఉన్న చోటుకు సరిపోయే ముక్కు మాత్రమే ఉంటుందనీ చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

నాలుగో మెట్టు: కాగితం మీద కాగితం

శత్రువు కంటికి కనపడకుండా పరిసరాల్లో కలిసిపోవడం గురించి ఈ ఆట. పచ్చగడ్డి మీద ఎరుపు, ఆకుపచ్చ దారాలు చల్లి ఏరించే పద్ధతి వాడుకలో ఉంది. నేను దాన్ని మానేశాను. ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా గుర్తించలేని పిల్లలు, ముఖ్యంగా అబ్బాయిల్లో, ఉంటారు. వాళ్లకు ఆ ఆట ముందే పాడైపోతుంది. వార్తాపత్రిక అందరికీ సరిపోతుంది.

ఒక పత్రిక పరచండి. అదే పత్రిక నుంచి కత్తిరించిన చిన్న చతురస్రాలు 20, అదే కొలతలో తెల్లకాగితం ముక్కలు 20 దాని మీద చల్లండి. అక్షరాలు నిండిన పేజీలే వాడండి, పెద్ద బొమ్మలున్నవి వద్దు. నలుగురు పిల్లలు వేటాడే పక్షులు. వెనక్కి తిరిగి నిలబడి, చప్పట్లు వినగానే ఇటు తిరిగి, మొదట కంటబడిన ఒక్క ముక్కను తీసి మళ్లీ వెనక్కి తిరగాలి. 30 ముక్కలు అయిపోయే దాకా ఇలాగే. పది మిగులుతాయి. మిగిలిన ప్రతి ముక్కకూ అదే రకం పిల్లలు మూడు పుడతాయి, అంటే గుంపు మళ్లీ 40కి చేరుతుంది. ఇందుకు రెండు రకాల ముక్కలూ ఎక్కువే కత్తిరించి ఉంచండి. మూడు తరాల లెక్క పట్టికలో రాయించండి. ఆ రోజు గణితం పాఠం కూడా అయిపోయినట్టే.

తర్వాత పత్రిక తీసేసి, చివరి తరాన్ని తెల్లని కాగితం మీద చల్లి మళ్లీ ఆడించండి. ఇంతసేపూ గెలుస్తూ వచ్చినవే ముందు దొరికిపోతాయి. పిల్లల ముఖాల్లో ఆశ్చర్యం చూడాలి.

దీనికి జతగా ఇంగ్లండు చిమ్మట కథ చెప్పండి. పెప్పర్డ్ మాత్ అనే ఈ చిమ్మట లేత రంగు రెక్కల మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లని చుక్కలుంటాయి. లేత రంగు లైకెన్లు (బెరడు మీద నాచులా పెరిగేవి) పట్టిన చెట్ల మీద వాలితే కనపడదు. 1848లో మాంచెస్టర్‌లో నల్ల రకం చిమ్మట మొదటిసారి నమోదైంది. కర్మాగారాల పొగకు లైకెన్లు చచ్చి, చెట్ల బెరడు మసిబారింది. నల్లని బెరడు మీద లేత చిమ్మటలు పిట్టల కంట పడ్డాయి. 19వ శతాబ్దం ముగిసేసరికి అక్కడ కనిపించే చిమ్మటలు దాదాపు అన్నీ నల్లవే. 1956లో గాలిని శుభ్రంగా ఉంచే చట్టం వచ్చాక, పొగ తగ్గేకొద్దీ లేత రంగువి మళ్లీ పెరిగాయి.

"మసి అంటుకుని నల్లబడ్డాయా?" అని ఒక పాప తప్పకుండా అడుగుతుంది. మంచి ప్రశ్న. మసి అంటితే కడిగితే పోతుంది, పిల్లలకు రాదు. ఈ నలుపు తల్లిదండ్రుల నుంచి వచ్చింది, పొగ పూసిన రంగు కాదు అది. గోడ మీది రెండు మాటలనూ ఇప్పుడు చూపించండి.

ఐదో మెట్టు: చలి, వేడి

ఇక్కడ మూడు చిన్న ప్రయోగాలున్నాయి. సమయం లేకపోతే మొదటిది చాలు.

*కొవ్వు చేతిసంచి.* రెండు ప్లాస్టిక్ సంచులు తీసుకుని, ఒకదానిలో గడ్డకట్టిన వంట కొవ్వు వేసి, రెండోదాన్ని లోపలి నుంచి దూర్చి, మధ్యలో కొవ్వు పొర సమంగా పరుచుకునేలా నొక్కి, అంచులు టేపుతో మూసేయండి. మరో జత సంచులు ఒకదానిలో ఒకటి పెట్టి, మధ్యలో ఏమీ వేయకుండా మూయండి. రెండు చేతులకూ రెండూ తొడిగి మంచు నీళ్లలో ముంచమనండి. ముప్పై సెకన్లు దాటనివ్వకండి, చలికి ఇబ్బంది పడే పిల్లలకు ఈ పని ఇవ్వకండి. చాలామంది రెండో చేతిని ఉత్తగా ముంచిస్తారు. అలా చేస్తే చలిని ఆపింది కొవ్వో సంచో తేలదు. రెండు వైపులా అన్నీ ఒకేలా ఉండి ఒక్కటే మారాలన్న నియమాన్ని పిల్లలు ఇక్కడ చేత్తో తాకి నేర్చుకుంటారు.

ప్రయోగం అయ్యాక ఒకే సమస్యకు రెండు జవాబులు చూపించండి. ఆర్కిటిక్ సముద్రంలో బతికే బోహెడ్ తిమింగలం చర్మం కింద కొవ్వు పొర దాదాపు అర మీటరు మందం వరకు ఉంటుంది. చల్లని నీళ్లలోనే తిరిగే సముద్రపు నీటికుక్కకు (సీ ఆటర్‌కు) అలాంటి కొవ్వు పొర లేదు. దానికున్నది దట్టమైన బొచ్చు. చదరపు సెంటీమీటరుకు లక్షకు పైగా వెంట్రుకలు! మన తల మొత్తం మీద ఉండే వెంట్రుకలు దాదాపు లక్ష. తన వేలిగోరు చూపిస్తూ "ఇంత చోట్లో ఒక తల జుట్టా!" అన్న పిల్లవాడి గొంతు నాకింకా గుర్తుంది.

*నక్క చెవులు.* ఎడారిలో ఉండే ఫెనెక్ నక్క బరువు కిలో, కిలోన్నర మాత్రమే, చెవులు మాత్రం 15 సెంటీమీటర్ల దాకా ఉంటాయి. మంచులో ఉండే ఆర్కిటిక్ నక్క చెవులు పొట్టిగా, గుండ్రంగా ఉంటాయి. ఒకే కొలత గోరువెచ్చని నీళ్లు ఒక వెడల్పాటి పళ్లెంలో, ఒక సీసాలో పోసి, పావుగంట తర్వాత ఉష్ణోగ్రత చూడండి. పరుచుకున్న నీరు త్వరగా చల్లారుతుంది. పలుచగా పరుచుకున్న చెవుల్లో పారే రక్తం కూడా అలాగే చల్లబడుతుంది.

*పెంగ్విన్ల గుంపు.* ఏడు చిన్న సీసాల్లో గోరువెచ్చని నీళ్లు పోసి ఒకదానికొకటి ఆనించి పెట్టండి, ఎనిమిదోదాన్ని దూరంగా ఒంటరిగా. ఇరవై నిమిషాల తర్వాత మధ్య సీసా ఎంత వేడిగా ఉందో, ఒంటరి సీసా ఎంత చల్లారిందో పోల్చండి. మగ ఎంపరర్ పెంగ్విన్లు అంటార్కిటికా చలికాలంలో, తిండి లేకుండా, పాదాల మీద గుడ్డు పెట్టుకుని రెండు నెలలకు పైగా ఇలా గుమిగూడి నిలబడతాయి. ఈ మాట చెప్పాక తరగతి మొత్తాన్ని ఒక గుంపుగా నిలబడమనండి. ఎవరూ చెప్పకపోయినా అంచున ఉన్నవాళ్లు లోపలికి జరగడం మొదలుపెడతారు.

ఒంటెకు ఇప్పుడు తిరిగి రండి. కొవ్వు ఒంటి నిండా కంబళిలా పరుచుకుంటే వేడి బయటికి పోదని పిల్లలకు తెలిసిపోయింది కదా. ఒంటెకు కొవ్వులో ఎక్కువ భాగం వీపు మీద ఒకేచోట ఉంది, మిగతా ఒళ్లు వేడిని వదలగలదు. మరి నీటి సంగతి? ఒంటె తన బరువులో నాలుగో వంతు నీటిని కోల్పోయినా తట్టుకుంటుంది, నీళ్లు దొరికాక పావుగంటలో 100 లీటర్ల దాకా తాగగలదు. మొదటి రోజు "నీళ్లు దాచుకోవడానికి" అన్న పిల్లలే ఇప్పుడు దిద్ది చెబుతారు.

ఆరో మెట్టు: చేసే పనులూ పుట్టుకతో రావచ్చు

అనుకూలనం అంటే శరీర భాగమే అనుకుంటారు పిల్లలు. ప్రవర్తన కూడా అందులో భాగమే. ఇసుకలో గుడ్డు పగిలి బయటికొచ్చిన సముద్రపు తాబేలు పిల్లకు దారి చూపేందుకు తల్లి అక్కడ ఉండదు, అయినా అది సముద్రం వైపే పాకుతుంది. పేరు పెట్టి పిలిస్తే పరిగెత్తుకొచ్చే కుక్క ఆ పని నేర్చుకుంది. ఈ రెండింటి తేడా మీద ఒక పీరియడ్ చాలు. వలసకు ఆర్కిటిక్ టెర్న్ అనే పక్షిని చెప్పండి. ఏటా ఆర్కిటిక్ నుంచి అంటార్కిటికాకు వెళ్లి తిరిగివచ్చే ఈ పిట్ట బరువు 100 గ్రాములకు కాస్త అటూఇటూ. గ్లోబు మీద దారంతో ఆ దారి కొలిపించండి.

ఊసరవెల్లి విషయంలో జాగ్రత్త. అది వాలిన చోటు రంగులోకి మారిపోతుందన్నది పాతుకుపోయిన నమ్మకం. నిజానికి దాని రంగు మార్పులు ఎక్కువగా తోటి ఊసరవెల్లులకు సంకేతాలు, ఒంటి వేడిని సర్దే మార్గం. పదేళ్లు దాటిన పిల్లలకు ఇంకో సూక్ష్మం చెప్పవచ్చు. ఆ నిమిషంలో రంగు మారడం అనుకూలనం కాదు. రంగు మారగల శక్తితో పుట్టడం అనుకూలనం.

ఏడో మెట్టు: ఊహా జంతువు, దానికి ఖర్చు

"మీకు నచ్చిన జంతువును గీయండి" అంటే రెక్కలు, విషపు కోరలు, కవచం, పది కళ్లు ఉన్న బొమ్మలు వస్తాయి. అందంగా ఉంటాయి గానీ వాటిలో ఆలోచన తక్కువ. ఒక నియమం పెట్టండి. ప్రతి లక్షణానికీ ఒక లాభంతో పాటు ఒక నష్టం రాయాలి. దట్టమైన బొచ్చు చలిని ఆపుతుంది, ఎండాకాలంలో ఉడికిస్తుంది. కవచం కాపాడుతుంది, పరుగు తగ్గిస్తుంది. బల్లి తోక తెంచేసి తప్పించుకుంటుంది, కానీ తోకలో నిల్వ ఉన్న కొవ్వును పోగొట్టుకుంటుంది, కొత్త తోక పెరగడానికి ఎంతో శక్తి ఖర్చవుతుంది.

బొమ్మలు పూర్తయ్యాక చీటీలు తీయించండి: "అడవి ఎండిపోయింది", "మంచు ఆలస్యంగా పడుతోంది", "కొత్త వేట జంతువు వచ్చింది". మీ జంతువుల గుంపులో ఇప్పుడు ఎవరు బతుకుతారు? దీనికి నిజమైన జత ఉత్తర అమెరికాలోని స్నోషూ కుందేలు. పగటి పొడవును బట్టి దాని బొచ్చు శీతాకాలానికి తెల్లబడుతుంది. మంచు ఆలస్యమైతే గోధుమ రంగు నేల మీద తెల్లని కుందేలు దూరం నుంచే కనిపిస్తుంది. పిల్లలను ఈ ఉదాహరణ కాస్త దిగులుపెడుతుంది. దాన్ని దాచకండి, మాట్లాడనివ్వండి.

అర్థమైందో లేదో తెలుసుకోవడం

"ఒంటె – మూపురం" అని జతపరచమంటే జ్ఞాపకశక్తి మాత్రమే బయటపడుతుంది. పాఠానికి ముందూ, ముగిశాకా ఒకే ప్రశ్న అడగండి: "ఒక తల్లి పిల్లికి ప్రమాదంలో కాలు విరిగి కుంటుతోంది. తర్వాత దానికి పుట్టే పిల్లలు కుంటుతూ పుడతాయా?" ముందు రోజు ఎన్ని చేతులు లేచాయో రాసి పెట్టుకోండి.

రెండో పరీక్షకు పిల్లలు ఎప్పుడూ చూడని జంతువు కావాలి. మడగాస్కర్‌లో ఉండే ఆయ్-ఆయ్ బొమ్మ చూపించండి. పెద్ద కళ్లు, పెద్ద చెవులు, ఎలుకలాంటి ముందు పళ్లు, పుల్లలా సన్నగా పొడుగ్గా ఉండే నడిమి వేలు. పేరు తప్ప ఏమీ చెప్పకండి. ఎప్పుడు తిరుగుతుంది, ఏం తింటుంది, ఆ వేలితో ఏం చేస్తుందో ఊహించి, కారణం రాయమనండి. (రాత్రిపూట కొమ్మల మీద వేలితో తట్టి, చప్పుడు విని, కర్రను కొరికి రంధ్రం చేసి, లోపలి పురుగును ఆ వేలితోనే లాగుతుంది.) జవాబు కలవకపోయినా కారణం పొందికగా ఉంటే మంచి మార్కులివ్వండి.

పిల్లలు అడిగే రెండు కష్టమైన ప్రశ్నలు

"అసలు మొదటి నల్ల చిమ్మట ఎక్కడి నుంచి వచ్చింది?" శరీరం ఎలా ఉండాలో చెప్పే సూచనలు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు నకలు అయ్యేటప్పుడు అప్పుడప్పుడు చిన్న తేడాలు వస్తాయి. చాలావరకు వాటి వల్ల ఏమీ కాదు, కొన్ని హాని చేస్తాయి, ఎప్పుడో ఒకటి మేలు చేస్తుంది. ఎవరికి ఏది అవసరమో చూసి ఆ తేడా రాదు. ఒక వాక్యాన్ని ఇరవైమంది చేత ఒకరి నుంచి ఒకరికి నకలు రాయించి, చివరి కాగితం చదివితే పిల్లలు దీన్ని వెంటనే పట్టుకుంటారు.

రెండో ప్రశ్న: "మరి డైనోసార్లు ఎందుకు మార్చుకోలేదు?" దీనికి వెంటనే జవాబు చెప్పకండి. ప్రశ్నను బోర్డు మీద రాసి, అందులో దిద్దాల్సిన మాట ఏదో వెతకమనండి. "మార్చుకోలేదు" కింద ఎవరో గీత గీస్తారు. అప్పుడు మిగతాది చెప్పండి. దాదాపు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట పెద్ద గ్రహశకలం భూమిని ఢీకొంది, పరిస్థితులు చూస్తుండగానే తలకిందులయ్యాయి. ఆ దెబ్బకు తట్టుకునే లక్షణాలున్న ప్రాణులు చాలా గుంపుల్లో ఒక్కటీ లేకపోయాయి. డైనోసార్లలో ఒక్క శాఖలో మాత్రం కొన్ని మిగిలాయి. రెండో మెట్టులో మీ పిల్లలు పది నిమిషాలు కూర్చుని గమనించిన ఆ పిచ్చుక, ఆ కాకి వాటి వారసులే.